యానాం కొలబద్ద

కిందటి వారం మనం సంపూర్ణమ్మను ఒక టేకు పెట్టె ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. పెట్టె మూత తీసి ఉంది. లోపల ఆవిడ భర్త రాసిన శాస్త్రవ్యాసం ఉంది. పన్నెండు రోజులు కూర్చుని, ముత్యాల్లాంటి ఇంగ్లీషు దస్తూరీతో ఆవిడే ఎత్తిరాసిన శుభ్రప్రతి అది. పెట్టెను కాస్త కదిపితే చాలు, ఆ కాగితాల కట్ట లోపల ఈ చివరినుంచి ఆ చివరికి జారుతోంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఇది పద్దెనిమిది వందల తొంభై రెండు, కార్తీకమాసం. రాజమండ్రి మిషన్ బడిలో సైన్సు చెప్పే రాజరత్నం మొన్నటి వరదలన్నాళ్లూ పులస చేపల్ని కొలిచాడు. సముద్రంలోంచి గోదావరిలోకి ఎక్కే చేప యానాం దగ్గర ఎంత పొడుగుంటుంది, ఎదురీది వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట కింద వలలో పడేసరికి ఎంత పొడుగుంటుంది? ఇదీ ఆయన ప్రశ్న. ధవళేశ్వరంలో తనే కొలిచాడు. యానాంలో కొలిచింది ఆయన మావగారు, అంటే సంపూర్ణమ్మ తండ్రి, పడవల వడ్రంగి చిట్టియ్య. అక్కడ నాలుగు వందల పన్నెండు చేపలు, ఇక్కడ మూడు వందల తొంభై. తేలిందేమిటంటే, ఆనకట్ట దగ్గరి చేప యానాం చేపకన్నా దగ్గర దగ్గర ఒక అంగుళం పొడుగు. చిన్నవి దారిలోనే ఆగిపోతున్నాయి, బలమున్న పెద్దవే అంతదూరం ఎదురీదగలుగుతున్నాయి అని రాజరత్నం రాశాడు. మద్రాసులోని శాస్త్రపత్రిక వాళ్లు చూసి, శుభ్రప్రతి, కొలతల పట్టికలు నెలాఖరులోగా అందితే అచ్చువేస్తామన్నారు. శనివారం కాకినాడలో బయల్దేరే స్టీమరు తప్పితే ఇక అందవు. కాలేజీ లెక్చరర్ సూర్యప్రకాశంగారు తానే పట్టుకెళ్తానన్నారు. ఆయన పడవ ఈ బుధవారం సాయంత్రం నాలుగింటికి ధవళేశ్వరం లాకుల దగ్గర కదులుతుంది. ఇప్పుడు పొద్దున పదిన్నర.

ఇక పెట్టె సంగతి. వ్యాసంలో తన పేరు కూడా ఉందని కూతురు ఉత్తరం రాస్తే, ఆ పేరు కళ్లారా చూసుకుందామని చిట్టియ్య యానాం నుంచి నిన్ననే వచ్చాడు. చదువు రాదు. 'యానాం కొలతలు ఆ ఊరి వడ్రంగి చిట్టియ్య తీసినవి' అన్న ఇంగ్లీషు వాక్యం మీద కూతురు వేలుపెట్టి చూపిస్తే, తడి ఆరిందో లేదోనని ముట్టుకోకుండా వంగి చూశాడు. చూసిన ఆనందం ఊరికే ఉండనివ్వలేదు. ముసురు రోజుల్లో పడవ ప్రయాణం, కాగితాలు తడుస్తాయి, పెట్టె చేస్తానన్నాడు. పెరట్లో కూర్చుని, "పొడుగెంతమ్మా?" అని అరిచాడు. గదిలో సంపూర్ణమ్మ కాగితం పక్కన ఇత్తడి కొలబద్ద పెట్టి చూసి, "పదమూడు అంగుళాలు నాన్నా" అని అరిచింది. చిట్టియ్య నడుముకున్న తన కొలబద్ద తీసి, పదమూడు కొలిచి చెక్క కోశాడు.

ఆ పెట్టెలో కాగితాలు జారుతున్నాయి. ముప్పై ఏళ్లుగా నావలకు పలకలు అతికినవాడు, రెండు పలకల మధ్య వెంట్రుక దూరనివ్వనివాడు, అంగుళం ఎక్కువ కోశాడంటే నమ్మేదెలా?

"నాన్నా, నీ కొలబద్ద ఒకసారి ఇలా ఇయ్యి."

చిట్టియ్య ఇచ్చాడు. నల్లగా, నున్నగా, చివర్లకు ఇత్తడి తొడుగులున్న పాత కర్ర. అంకెలు లేవు, గాట్లు మాత్రం ఉన్నాయి. పన్నెండు గాట్లు. దాన్ని తన ఇత్తడి కొలబద్ద పక్కన పెట్టింది. రెండింటి మొదళ్లూ బల్ల అంచుకు ఆనించింది. ఇత్తడిది పన్నెండు దగ్గర అయిపోయింది. నాన్నది ఇంకా ముప్పాతిక అంగుళం ముందుకు పోయింది.

మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే.

"ఇది ఎక్కడిది నాన్నా?"

"మా గురువుగారిదమ్మా. ఆయన ఫ్రాంసు దొరల నావల కార్ఖానాలో పనిచేసినప్పుడు ఇచ్చారంట. మా యానాం వడ్రంగులందరివీ దీన్ని చూసి కోసుకున్నవే. ఏంటమ్మా, పెట్టె వదులైందా? చెక్క ముక్క పెడితే సరిపోద్దిలే."

"ఇది కాదు, మీ అల్లుడుగారు ఇత్తడిది ఒకటి పంపారు కదా, సరిగ్గా ఈ నా బద్దలాంటిదే. చేపలు కొలిచింది దాంతోనేగా?"

చిట్టియ్య చేతిలో ఉలి పక్కన పెట్టాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తప్పు చేసిన పెద్దమనిషి మొహం చూడటం కూతురికి ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

"అది పోయిందమ్మా. రేవులో చేప జారితే పట్టుకోబోయాను, నడుముకు దోపుకున్న బద్ద కాస్తా గోదాట్లో పడిపోయింది. మునిగి వెతికాను, దొరకలేదు. బడి సొమ్ము కదా, అల్లుడుగారికి మాటొస్తాదని చెప్పలేదు. ఇలాంటిదే ఇంకోటి చేయించి ఇచ్చేద్దామనుకున్నాను. అంగుళం అంగుళమే కదా, నా బద్దకేం తక్కువని దీంతోనే కానిచ్చేశాను."

"ఎప్పుడు పడిపోయింది? వరద మొదట్లోనా, చివర్లోనా?"

"ఏమో అమ్మా. ఎర్రనీళ్లు వచ్చాక. మధ్యలో ఎప్పుడో."

సంపూర్ణమ్మ లోపలికి వెళ్లి యానాం కార్డుల కట్ట విప్పింది. రోజుకింత అని నాన్న చెప్పగా చెల్లెలు చిన్నమ్మాయి రాసి పంపిన కార్డులు. వరసగా పరిచి, ఎక్కడైనా అంకెలు ఉన్నట్టుండి దిగిపోయాయేమో చూసింది. ఒకరోజు పద్నాలుగు, ఒకరోజు పదిహేడు, మళ్లీ పద్నాలుగున్నర. చేపలేమైనా ఒక్క అచ్చులో పోసినవా, ఏ రోజునుంచి కొలబద్ద మారిందో చెప్పడానికి?

ఫ్రాంసు అంగుళం ఇంగ్లీషు అంగుళంకన్నా పెద్దదన్నమాట. కాగితం వెనక లెక్క వేసింది. నాన్న కొలబద్దతో పదిహేను, ఇత్తడిదానితో పదహారు. ఒక్క అంగుళం! ఆయన నాలుగు నెలలు ఎండలో వానలో రేవుల వెంట తిరిగి కనిపెట్టిన అంగుళం, పెరట్లో ఆ రెండు బద్దల మధ్య కూర్చుని ఉంది. అన్నీ పాతదాంతోనే కొలిచి ఉంటే తప్పు దిద్దేయవచ్చు. కొన్ని దాంతో, కొన్ని దీంతో. ఏవి ఎన్నో తెలియదు. ఆనకట్ట దగ్గరి చేప నిజంగా పెద్దదే కావచ్చు, రెండుచోట్లా ఒకటే కావచ్చు. ఇప్పుడు చెప్పగలిగినవాడు లోకంలో లేడు.

ఇంకొక సంగతి కూడా ఆవిడకు గుర్తొచ్చింది. కొలతలకు ఎవర్ని పెడదామని ఆయన తలపట్టుకు కూర్చున్నప్పుడు, 'కొలవడం మా నాన్నకంటే ఎవరికి తెలుసండీ?' అని గొప్పగా అన్నది తనే.

మధ్యాహ్నం పన్నెండుంపావుకు రాజరత్నం బడినుంచి వచ్చాడు. ఆ రోజు మనిషి నడకే వేరు. మండపేట దగ్గర కమతంలో పాలేరుగా బతికిన ఆశీర్వాదం కొడుకు, బడి మేనేజరు దొర 'చేపలు కొలిచి ఏం చేస్తావు, కూర వండుతావా?' అని నవ్విన మేస్టరు, ఇవాళ మద్రాసు పత్రికకు వ్యాసం పంపుతున్నాడు. అచ్చులో తన పేరెలా ఉంటుందో పలకమీద రాసి చూసుకోవడం సంపూర్ణమ్మ ఒకసారి చాటునుంచి చూసింది. చూడనట్టే వెళ్లిపోయింది.

ఆవిడ అన్నం పెట్టలేదు. రెండు కొలబద్దలూ బల్లమీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. పెరట్లో చిట్టియ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

రాజరత్నం కొలబద్దలు పక్కపక్కన పెట్టి చూశాడు. తిప్పి పెట్టి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో చూశాడు. ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి మాట ఇది:

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

సంపూర్ణమ్మ ఏ మాటైనా అంటాడని సిద్ధపడి ఉంది కాని, ఈ మాట అనుకోలేదు.

"ఎవరికి చెప్తానండీ? మీకే చెప్పాను."

"నువ్వు నాలుగింటిదాకా నోరు కట్టుకుంటే సరిపోయేది."

"చెప్పకుండా ఉంటే బాగుండేదంటారా?"

"నాకేం తెలుసు!" అని అరిచాడు. అరిచి, పెరటివైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవరి చేత కొలిపిద్దామంటే ఎవరు చెప్పారు సంపూర్ణం? నువ్వే కదా. రేవులో లెక్క రాసే గుమాస్తాని అడుగుతానంటే, వద్దు, మా నాన్నున్నాడన్నది నువ్వే కదా."

"నేనే."

ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడిస్తే అదొక ఎత్తుగడ అనుకుంటాడని, వంటగదిలోకి వెళ్లి గిన్నెలమీద మూతలు సర్దింది.

ఒంటిగంటకు బండి చప్పుడైంది. సూర్యప్రకాశంగారు దిగారు. కోనసీమ మనిషి, పచ్చటి ఛాయ, జరీ అంచు ఉత్తరీయం. మేస్టరింట్లో ఆయన కోసమని వసారాలో ఒక కుర్చీ ఉంది. అందులో ఇంకెవరూ కూర్చోరు. ఆయన ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టరు, పులస అన్నమాట తెలుగులో నోట రానివ్వరు. 'ఆ మత్స్యం' అంటారు. పుస్తెలమ్మి అయినా తినాలని జనం చెప్పుకునే చేపను జన్మలో రుచిచూడని మనిషి దానిమీద వ్యాసాన్ని భుజాన వేసుకున్నారంటే, రాజరత్నం తెలివిమీద ఆయనకున్న గౌరవం అలాంటిది. ఆ మాట మనం ఒప్పుకోవాలి.

"ఏమండీ మేస్టారూ, కట్ట సిద్ధమేనా? దారిలో మా తమ్ముడింటికి వెళ్లాలి, కాస్త ముందే బయల్దేరదామని వచ్చాను" అన్నారు కుర్చీలో కూర్చుంటూ. ఒక మొహంనుంచి ఇంకో మొహానికి చూశారు. "ఏంటండీ? ఏం జరిగింది?"

రాజరత్నం చెప్పాడు. చెప్పకుండా ఉండాలనే అనుకున్నాడేమో, కాని ఎదుటపడి అడిగితే అబద్ధం ఆడటం ఆయనకు అలవాటు లేదు. కొలబద్దలు తెచ్చి కుర్చీ ముందు బల్లమీద పెట్టాడు.

సూర్యప్రకాశంగారు వాటిని ముట్టుకోలేదు. చాలాసేపు చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"నేను మద్రాసుకి ఏం రాశానో తెలుసా అండీ? లెక్కలన్నీ స్వయంగా సరిచూశాను, పూచీ నాది అని రాశాను. కూడికలు చూశాను, భాగహారాలు చూశాను. కొలబద్దలు చూడాలని నాకేమైనా కల వచ్చిందా?"

"తప్పు మీది కాదండీ."

"ఎవరిదైతేనేం, పోయేది నా మాట." ఉత్తరీయం సర్దుకున్నారు. "సరే, ఒక మాట చెప్తాను వినండి. ఆనకట్ట దగ్గరి మత్స్యం పెద్దదని బెస్తవాళ్లు తాతలనాటినుంచీ చెప్తున్నారు. అవునా? మీ పట్టికా అదే చెప్తోంది. లోకం చెప్పేదీ లెక్క చెప్పేదీ ఒకటే అయినప్పుడు, మధ్యలో కొలబద్ద ఏదైతే ఏంటండీ? మద్రాసు వాళ్లు యానాం వచ్చి వడ్రంగి నడుం తడుముతారా?"

రాజరత్నం తల ఎత్తలేదు.

"ఇప్పుడు ఆపితే ఏమవుతుందో ఆలోచించారా? కొలతలు తారుమారయ్యాయండీ, క్షమించండి అని ఉత్తరం రాస్తారు. మళ్లీ మీ పేరుతో ఏది వెళ్లినా ఆ ఉత్తరం గుర్తుచేసుకుని పక్కన పడేస్తారు. నా పేరుతో వెళ్లినా అంతే. వచ్చే వరదలకి మీకు బడి సెలవిస్తుందా? మీ దొర ఒప్పుకుంటాడా? ఆలోచించుకోండి."

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అదే కష్టం. సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి భర్త వీపు చూస్తోంది. ఆ వీపు వంగిపోవడం ఆవిడకు కనిపిస్తోంది. ఆయన లేచాడు. లోపలికి వచ్చి, ఆవిడ మొహం చూడకుండా పెట్టెలోంచి కాగితాల కట్ట తీశాడు, వసారాలోకి తీసుకెళ్లి సూర్యప్రకాశంగారి చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్లండి" అన్నాడు.

సూర్యప్రకాశంగారు కట్ట చంకలో పెట్టుకుని లేచారు. మెట్టు దిగారు. రెండో మెట్టు దిగబోతున్నారు.

"పంతులుగారూ, అందులో అయిదో పట్టిక లేదండి" అంది సంపూర్ణమ్మ.

ఆయన ఆగారు.

"యానాం కొలతల పట్టిక. అది నా దగ్గరుంది." పమిటలోంచి మడతపెట్టిన కాగితం చివర కనిపించింది. "పన్నెండు రోజులు కూర్చుని నా చేత్తో రాశానండి. నిజమనుకుని రాశాను. కాదని తెలిశాక నేనివ్వను. కావాలంటే మీరు వేరే రాసుకోండి. ఆ దస్తూరీ నాది కాకూడదు."

"సంపూర్ణం!" అన్నాడు రాజరత్నం.

"మీరు బడిలో పిల్లలకి ఏం చెప్తారండీ? కళ్లతో చూసింది రాయండి, మనసులో అనుకున్నది రాయొద్దు అని చెప్పరూ? మొన్న మొక్కలు కొలవకుండానే కొలిచానని రాసిన కుర్రాడి పలక చెరిపేసింది మీరు కాదూ? మా నాన్న తెలియక చేశాడండీ. మీరు తెలిసి చేస్తారా?"

బండి ఎద్దు తల విదిలిస్తే మెడలో గంట మోగింది. పరాయి మగవాడి ముందు భార్య తనను నిలదీసిందన్న ఉక్రోషం రాజరత్నం మొహంలోకి వచ్చింది. ఇది మనం దాచక్కర్లేదు. అది ఎంతసేపు ఉందో సంపూర్ణమ్మ లెక్కపెట్టలేదు కాని, ఆవిడకు అది నాలుగు నెలలకన్నా పెద్దదిగా తోచింది. తర్వాత ఆయన మెట్లు దిగి, సూర్యప్రకాశంగారి ముందు చెయ్యి చాపాడు.

"ఇచ్చేయండి పంతులుగారూ. ఆవిడ చెప్పింది సబబే. నేను పంపలేను."

సూర్యప్రకాశంగారికి కోపం వచ్చింది. రాకేం చేస్తుంది? కట్ట ఆయన చేతికి ఇచ్చేస్తూ, "మీ మంచితనం మీకుంటుంది, మాట పోయేది నాకు!" అన్నారు. "అయితే ఏం చేస్తారు? ఆ నాలుగు వందల మత్స్యాల్నీ మళ్లీ తెచ్చి కొలుస్తారా? తిన్నవాళ్ల పొట్టల్లోంచి తీస్తారా?"

అప్పుడు పెరటి గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. అంతసేపూ చిట్టియ్య అక్కడే నిలబడి ఉన్నాడు. సూర్యప్రకాశంగారి ముందు మాట్లాడవచ్చో లేదో తేల్చుకోలేక తువ్వాలు చేతిలో నలుపుతున్నాడు.

"చేపలెందుకండీ? కొలతలున్నాయి కదండీ."

"ఏ కొలతలయ్యా? ఆ తప్పుడు అంకెలేగా?"

"అంకెలు కాదండి. దబ్బలు." అందరూ అలా చూస్తుంటే తడబడ్డాడు. ఇంత చిన్న విషయం చదువుకున్నవాళ్లకు విడమరిచి చెప్పాల్సి రావడం ఆయనకు వింతగా ఉంది. "రేవులో తడిచేతులతో అంకెలు ఎవరు చూస్తారండీ? మాకు అలవాటూ లేదు. నావకి పలక కొయ్యాలన్నా అంతేనండి, వెదురు చీల్చిన దబ్బ ఆనించి గాటు పెట్టుకొచ్చి, ఆ గాటు దగ్గర కోసేస్తాం. చేపకీ అలాగే చేశాను. మూతి దబ్బ మొదట్లో ఆనించి, తోక చీలినచోట గాటు పెట్టడం. రోజుకో దబ్బ. సాయంత్రం ఇంటికెళ్లాక తీరుబడిగా బద్దతో కొలిచి చిన్నమ్మాయికి అంకె చెప్పేవాడినండి. బద్ద మారితే అంకె మారుద్దేమో గాని, గాటెక్కడికి పోద్దండీ?"

మొదట అర్థమైంది సంపూర్ణమ్మకే. "నాన్నా! అంటే నాలుగు వందల పన్నెండు చేపల పొడుగులూ ఉన్నాయా? అసలు పొడుగులు?"

"ఆయ్, ఉన్నాయమ్మా. ఒక్కటీ పారెయ్యలేదు. ఏ రోజుది ఆ రోజే, తేదీ కాగితమ్ముక్క చుట్టి చిన్నమ్మాయి దారం కట్టింది."

రాజరత్నం గబగబా వచ్చి మావగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన మొహం చూడనివాడు! "మావయ్యగారూ, ఇంతసేపూ చెప్పలేదేమండీ?"

"మీరడగలేదు బాబూ. దబ్బ లేకుండా ఎవరైనా కొలుస్తారా?"

సూర్యప్రకాశంగారు తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయే మనిషి. వేళ్లమీద లెక్కపెట్టారు.

"ఇవాళ బుధవారం. నేను స్టీమరెక్కేది శనివారం మధ్యాహ్నం. నాలుగింటికి లాకుల దగ్గర యానాం వైపు వెళ్లే పడవ కూడా ఉంది. మీరది ఎక్కితే రేపు జాము పొద్దెక్కేసరికి యానాంలో దిగుతారు. అక్కడే ఇత్తడి బద్దతో గాట్లన్నీ కొలిచి, పట్టిక తిరగరాసి, శుక్రవారం రాత్రికి కాకినాడ రండి. లెక్క ఏం తేలినా సరే, పెద్దవన్నా సరే, సమానమన్నా సరే, తేలింది తేలినట్టు రాయండి. నేను పట్టుకెళ్తాను. శనివారం మధ్యాహ్నం దాటితే మాత్రం నా చేతిలో లేదండి."

"వస్తాం" అన్నాడు రాజరత్నం. "సంపూర్ణం, సిరాబుడ్డి, కాగితాలు సర్దు. తిరగరాయాల్సింది నువ్వేగా!"

పన్నెండు రోజుల రాత నీళ్లపాలైనందుకు ఆవిడకు చిటికెడు బాధైనా కలగలేదు. నవ్వొచ్చింది. పొద్దుటినుంచి మొదటిసారి నవ్వింది. పెట్టె దగ్గరికి వెళ్లి కట్ట అందులో పెట్టి, జారకుండా ఒక తువ్వాలు మడతపెట్టి దోపుతూ మామూలుగా అడిగింది.

"దబ్బలు ఎక్కడ పెట్టావు నాన్నా? ఇంట్లోనా, పాకలోనా?"

తిరిగి చూసింది. చిట్టియ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పాకలోనే అమ్మా. ఇప్పుడు గుర్తొచ్చింది. పొయ్యి పక్కన."

"పొయ్యి పక్కనేంటి?"

"మా పాకలో బాగుచేస్తున్న సత్తిరాజుగారి నావకి అతుకులు పూడ్చాలి కదా. గుగ్గిలం కాచడానికి ఎండుపుల్లలు కావాలన్నారు. ఈ ముసుర్లో ఎక్కడ దొరుకుతాయి? ఆ దబ్బలు వాడుకోమని చెప్పి, నా చేత్తోనే కట్టలు దింపి వచ్చాను." కూతురివైపు తిరిగాడు. "పని అయిపోయిందని నువ్వే రాశావు కదమ్మా ఉత్తరంలో."

సంపూర్ణమ్మ రాసింది. 'పని అంతా అయిపోయింది నాన్నా, ఇంక నీ పేరు చూసుకోవడానికి రా' అని, ఈ దస్తూరీతోనే రాసింది.

"గుగ్గిలం ఎప్పుడు కాస్తారు?" అని అడిగాడు రాజరత్నం.

"రేపే బాబూ" అన్నాడు చిట్టియ్య. "కోడి కూయగానే పొయ్యి రాజేస్తారు."